ఒక్క గడిలో మనిషంతా

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఒక ధైర్యం ఉంటుంది. తెలివి వల్ల వచ్చేది కాదది, అప్పటిదాకా ఏదీ బెడిసికొట్టకపోవడం వల్ల వచ్చేది. నాకు ఆ ధైర్యం దండిగా ఉండేది. చదువు పూర్తవగానే విజయవాడ మొగల్రాజపురంలో ఒక చీరల దుకాణం పైన, రెండు గదుల్లో నడిచే సాఫ్ట్‌వేరు కంపెనీలో చేరాను. కంపెనీ అంటే మా సారు, మా సీనియరు, నేను, ఒక ఏసీ. (ఏసీ సారు గదిలో ఉండేది. ఆయన తలుపు తీసినప్పుడల్లా మా వాటా చల్లదనం మాకు వచ్చేది. అందుకని ఏదో ఒక సందేహం పుట్టించుకుని ఆ తలుపు దాకా వెళ్లడం మా ఇద్దరికీ అలవాటైంది. సారు మాత్రం మాది నేర్చుకోవాలన్న తపన అనుకునేవారు.) గుణదలలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంటూ, సిటీబస్సులో నిలబడి వచ్చి, మళ్లీ నిలబడే వెళ్తూ, ప్రపంచంలోని ప్రోగ్రాములన్నీ నా చేతి కోసమే ఎదురుచూస్తున్నాయన్న నమ్మకంతో హాయిగా బతుకుతుండేదాన్ని.

మా సీనియరుకి నేను పెట్టుకున్న పేరు సెమికోలన్ అన్నయ్య. మంచివాడే, కాని ఎక్కడ అచ్చుతప్పు కనబడినా చెయ్యి ఊరుకునేది కాదు. టిఫిన్ సెంటర్లో కూర్చుంటే ముందు మెనూకార్డు దిద్ది, తర్వాత దోసె చెప్పేవాడు. ఆయన చదివి పక్కన పెట్టిన దినపత్రిక చూస్తే, ఇంకా అచ్చుకి వెళ్లలేదేమో అనిపించేది. నా ఇంగ్లీషు స్పెల్లింగులు ఆయనకి నిత్య ఉపాధి. "అమ్మాయ్, నువ్వు ఆలోచించినంత బాగా రాస్తే ఎంత బాగుండేది," అనేవాడు. "అలా రాస్తే మీకు పనుండదు కదన్నయ్యా," అనేదాన్ని నేను.

అటువంటి సమయంలో మాకు డాక్టరుగారి పని వచ్చింది. ఆయన సూర్యారావుపేటలో చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తున్న హోమియో వైద్యులు, మా సారు వాళ్ల నాన్నగారికి స్నేహితులు. చూపు సన్నగిల్లడంతో, ఏది చదవాలన్నా భూతద్దం పట్టుకుని ఒక్కొక్క అక్షరమే దాటుకుంటూ వెళ్లేవారు. తన దస్తూరీ తనకే అందడం లేదని, ఇకనించి రోగుల వివరాలన్నీ కంప్యూటర్లో పెద్ద పెద్ద అక్షరాలతో కనబడేలా చేసి పెట్టమని సారుని అడిగారు. సారు ఆ పని నాకు అప్పగిస్తూ, "చిన్నదేనమ్మా. పేరు, వయసు, ఊరు, జబ్బు. ఇంతే కదా. డాక్టరుగారంటే మా ఇంట్లో మనిషి కింద లెక్క. నా పరువు మాత్రం తియ్యకు," అన్నారు.

చిన్నదేననుకుని వెళ్లి డాక్టరుగారి గదిలో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొదట వచ్చినాయన మోకాళ్ల నొప్పులన్నారు. డాక్టరుగారు మోకాళ్ల వంక చూడనైనా చూడకుండా, "రాత్రిళ్లు పాదాలు దుప్పటి బయట పెడతారా, లోపలా?" అని అడిగారు. తర్వాత, "వాన పడబోయే ముందు మీకెలా ఉంటుంది?" ఆ తర్వాత, "మీ మీద ఎవరైనా జాలిపడితే మీకు నచ్చుతుందా, ఒళ్లు మండుతుందా?" మోకాళ్లాయన ఈ చివరి ప్రశ్నకి చాలాసేపు ఆలోచించి, "పడేవాళ్లని బట్టండీ," అన్నారు. తర్వాత వచ్చినావిడకి అడిగిన ప్రశ్నలు పూర్తిగా వేరు. ఆవిడకి కలల్లో ఏం వస్తాయి, పెరుగు తింటే ఏమవుతుంది, చెమట ఎక్కడ ముందు పడుతుంది వగైరా. (చెమట గురించిన జవాబులు రాసుకుంటున్నప్పుడు నా చెవులు ఎర్రబడడం చూసి డాక్టరుగారు, "పర్వాలేదమ్మా, అందరికీ పడుతుంది," అన్నారు.)

సాయంత్రానికి నాకు అర్థమైంది. డేటాబేసు పట్టికలో ప్రతి గడికీ ముందే ఒక పేరు పెట్టాలి. ఈ గడి వయసుది, ఈ గడి ఊరిది అని. డాక్టరుగారి ప్రశ్నలకి గడులు పెట్టుకుంటూ పోతే ఆ పట్టిక బెజవాడలో మొదలై మచిలీపట్నం దాకా వెళ్తుంది. పైగా ఒకరికి నిండిన గడి ఇంకొకరికి ఖాళీ. అదే ప్రోగ్రాములో అయితే ఈ బాధ లేదు. అక్కడ పేషెంటంటే ఒక ఆబ్జెక్టు, మనిషికి సంబంధించినవన్నీ ఎన్నయినా తగిలించుకుంటూ పోవచ్చు. ఇటు ఆబ్జెక్టుల భాషా, అటు గడుల భాషా తెలిసిన ఓఆర్ఎం అనే మధ్యవర్తి ఒకడుంటాడు, మన మాటలు అక్కడికి చేరవేస్తుంటాడు. ఆ మధ్యవర్తి చేత ఇంకో పని కూడా చేయించుకోవచ్చని ఎక్కడో చదివాను. ఆబ్జెక్టు మొత్తాన్ని మడిచి, పొడుగాటి అక్షరాల మూటగా కట్టించి, ఒకే ఒక్క గడిలో కుక్కెయ్యొచ్చు. సీరియలైజ్ చెయ్యడమంటారు దాన్ని. కావలసినప్పుడు మూట విప్పితే ఆబ్జెక్టు ఎలా వెళ్లిందో అలాగే లేచి కూర్చుంటుంది. ఈ సంగతి చదివిన రోజున నాకు కలిగిన ఆనందం చెప్పలేను. పేరుకి ఒక గడి, ఊరికి ఒక గడి, వయసుకి ఒక గడి, మిగతా మనిషంతా ఒక్క గడిలో! ఆ రాత్రి మా పెద్దమ్మకి కూడా వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, "మూటగట్టి పెట్టడం ఎవరైనా చేస్తారే, ఏ మూటలో ఏముందో ఎలా తెలుస్తుంది?" అంది. ఆవిడకి కంప్యూటర్లు తెలియవు కనక క్షమించేశాను.

ఆవిడ అడిగిన ప్రశ్నే కొన్నాళ్లకి డాక్టరుగారు కూడా అడిగారు, కాకపోతే ఇంకోలా. "అమ్మాయ్, ఫ్యాను గాలి తగిలితే తలనొప్పి వచ్చేవాళ్లు మన దగ్గర ఎవరెవరున్నారో ఒకసారి చూపించు." డేటాబేసుకి మూట బయట రాసి ఉన్న పేరూ, ఊరూ తెలుసు గాని లోపల ఏముందో తెలియదు. కాబట్టి నా ప్రోగ్రాము ప్రతి మూటా విప్పి, చూసి, మళ్లీ కట్టి, తర్వాతి మూట దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. డాక్టరుగారు కాఫీ తెప్పించుకున్నారు. తాగారు. పేపరు ముందర పెట్టుకుని భూతద్దంతో మొదటి పేజీ పూర్తి చేశారు. "చాలా లోతుగా వెతుకుతున్నట్టుందమ్మా," అన్నారు మెచ్చుకోలుగా. నేను కాదనలేదు.

ఆ క్లినిక్కులో మందులిచ్చే ఆవిడని నేను గోళీల అక్క అనేదాన్ని. తెల్లటి పంచదార గోళీలు సీసాల్లోకి, పొట్లాల్లోకి ఎత్తడం ఆవిడ పని. టైపింగు ఆవిడకి నేర్పించి నేను వచ్చెయ్యాలని మా సారు ఏర్పాటు. కాని అక్క మొదటిరోజే, "నా చేతులకి ఎప్పుడూ పంచదార ఉంటదమ్మా. మీటలు అంటుకుపోతాయి," అని తేల్చేసింది. దాంతో పూటంతా ఆ స్టూలు నాకే ఖాయమైంది. నిజం చెప్పొద్దూ, నాకూ కదలాలని ఉండేది కాదు. మనుషులు అంత వివరంగా తమ గురించి చెప్పుకుంటుంటే వినడం నాకు అదే మొదలు. మూటలో ఎంతయినా పడుతుంది కాబట్టి, ఏది జబ్బుకి సంబంధించిందో ఏది కాదో నాకు తెలియదు కాబట్టి, విన్నది విన్నట్టు కొట్టేసేదాన్ని.

అలా కొట్టినవాటిలో కొండపల్లి దంపతుల కేసు ఒకటి. ఆయన థర్మల్ పవర్‌హౌస్‌లో పనిచేసి రిటైరైన మనిషి. నిద్ర పట్టదు. పక్కన ఆవిడ. డాక్టరుగారు ప్రశ్న ఆయన్ని అడిగేవారు, ఆయన గొంతు సవరించుకునేవారు, ఈలోగా జవాబు ఆవిడ చెప్పేసేది.

"దాహం ఎలా ఉంటుందండీ మీకు?"

"ఎక్కువేనండీ ఈయనకి. మంచం పక్కన చెంబు పెట్టాలి. పెట్టకపోతే లేచి తాగుతారా అంటే తాగరు. పొద్దున్నే నా వంక ఒక చూపు చూస్తారు, అంతే."

"కోపం వస్తుందా?"

"వస్తదండీ. వచ్చినట్టు ఎవరికీ తెలీదు. చదివే పేపరు మడతపెట్టేస్తారు. అదీ గుర్తు."

"పులుపు తింటారా?"

"అస్సలు పడదండీ. చింతకాయ పచ్చడంటే వాసన కూడా గిట్టదు."

"ఎటు తిరిగి పడుకుంటారు?"

"గోడ వైపండీ. నేను గురక పెడతానంట. నేనసలు గురకే పెట్టనండీ, కావాలంటే మా చెల్లెల్ని అడగండి."

"దేనికైనా భయపడతారా?"

"ఈయనకి భయమేంటండీ! కరెంటు పోతే మటుకు ఊరుకోలేరు. లేచి వీధిలోకెళ్లి నిలబడతారు, ఎవరో వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలన్నట్టు."

ఆయన ఈ మొత్తం సేపు తన గురించి కాక ఎవరో బంధువు గురించి వింటున్నట్టు తల ఊపుతూ కూర్చున్నారు. నేను చెల్లెలి సంగతితో సహా అంతా కొట్టేశాను. "పక్కనావిడ నవ్వారు" అని కూడా రాశాను, నిజంగానే నవ్వింది కనక.

అలా ఏడాది పైనే గడిచింది. ఒక శనివారం సెమికోలన్ అన్నయ్య, బిల్లు అచ్చయ్యే చోట ఏదో సర్దాలని క్లినిక్కుకి వచ్చి, ప్రోగ్రామంతా ఒకసారి పైనుంచి కిందకి చూసి, పెన్‌డ్రైవులో కొత్త కాపీ తెచ్చి ఎక్కించి వెళ్లాడు. ఆఫీసులో నా కంప్యూటర్లోనూ అదే పెట్టాడు. సోమవారం పొద్దున్న నేను స్టూలు మీద కూర్చుని మొదటి పేషెంటు పేరు నొక్కాను. పేరు వచ్చింది, ఊరు వచ్చింది, వయసు వచ్చింది. మనిషి రాలేదు. ఆ చోట ఎర్రటి అక్షరాల్లో ఇంగ్లీషు. ఇంకో పేరు నొక్కాను. అదే ఎర్రటి ఇంగ్లీషు. ఎవర్ని పిలిచినా అదే జవాబు. "పేషెంట్ అనేది కనపడటం లేదు" అని దాని సారాంశం. ప్రోగ్రాములో చూస్తే పేషెంటు నిక్షేపంగా నా కళ్ల ముందే ఉంది. ఎదురుగా ఉన్నదాన్ని లేదంటుందేమిటని దానితో వాదనకి దిగాను కూడా.

అన్నయ్యకి ఫోన్ చేశాను. వాళ్లమ్మగారు తీశారు.

"మావాడికి అమ్మవారు పోసిందమ్మా. ఒళ్లంతా పొక్కులే. వేపాకుల మీద పడుకోబెట్టాను. ఫోను వెలుగు కళ్లకి మంచిది కాదు, నేను ఇవ్వను."

"ఒక్క మాటండీ, పిన్నిగారూ. శనివారం ప్రోగ్రాములో ఏం మార్చారో అడిగి చెప్పండి చాలు."

ఆవిడ వెళ్లారు. లోపల్నించి ఏదో మూలుగు వినబడింది. తిరిగొచ్చి, "ఏం మార్చలేదంటమ్మా. అంతా శుభ్రం చేశాడంట," అన్నారు.

శుభ్రం చెయ్యడమంటే ఏమిటి? మనుషుల్ని గాని తుడిచేశాడా? ఆఫీసుకి పరిగెత్తి సారుకి చెప్తే ఆయన మొహం వాడిపోయింది. "కాగితం మీద ఎక్కడైనా ఉన్నాయామ్మా అవన్నీ?" అనడిగారు. లేవు. ఏడాదిగా అన్నీ ఆ ఒక్క గడిలోనే. ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆ పూట నాకు ఏసీ వాటా కూడా రాలేదు.

క్లినిక్కుకి తిరిగొస్తే, డాక్టరుగారు మాత్రం చెక్కుచెదరలేదు. "మనుషులెక్కడికీ పోలేదు కదమ్మా. మళ్లీ అడుగుదాం," అని మొదట్నించీ ప్రశ్నలు మొదలుపెట్టారు. చిత్రమేమిటంటే జనం విసుక్కుంటారనుకుంటే, ఒక్కరూ విసుక్కోలేదు. రెండోసారి తమ గురించి చెప్పుకునే అవకాశం వచ్చినందుకు సంబరపడ్డారు. మొదటిసారి "నాకు కోపమే రాదండీ" అన్న గుడివాడ టీచరుగారు ఈసారి ఎవరెవరి మీద ఎందుకెందుకు వస్తుందో వరసగా చెప్పుకొచ్చారు. కైకలూరు నించి వచ్చే చేపల వ్యాపారి, "పోయినసారి చెప్పిన భయాలు లేవండీ ఇప్పుడు. కొత్తవొచ్చినయ్యి, అవి చెప్పమంటారా?" అన్నాడు. నేను తెరిచి ఉన్న ఖాళీ పేజీలో కొట్టుకుంటూ పోయాను. కొంచెం తేరుకున్నాను కూడా, ఇలాగే గడిచిపోతుందిలే అనుకుని.

ఆ మధ్యాహ్నమే కొండపల్లి ఆయన వచ్చారు. ఒక్కరే. చాలా నెలలైంది చూసి. చొక్కా ఇస్త్రీ లేదు. గోళీల అక్క లోపలికొచ్చి నా చెవిలో, "ఆవిడ పోయిందంటమ్మా. నిద్దట్లోనే," అంది. డాక్టరుగారికి కూడా అప్పుడే తెలిసింది. తర్వాత డాక్టరుగారు చాలా మెల్లగా, నిద్ర ఎలా ఉందని అడిగారు.

"లేదండీ."

"దాహం?"

"తెలీదండీ."

"ఎటు తిరిగి పడుకుంటే కాస్త నయంగా ఉంటుంది?"

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, "తెలీదండీ. అవన్నీ ఆవిడ చెప్పింది కదండీ అప్పుడు. దాంట్లో ఉంటది, చూడండి," అని నా కంప్యూటరు వంక చూపించారు.

నేను ఆయన పేరు నొక్కాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్లీ నొక్కాను. ఆయన కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగి, మర్యాదగా ఎదురుచూస్తున్నారు.

"లేదామ్మా?"

"ఉందండీ," అన్నాను. "తెరుచుకోవట్లేదు."

"ఉందిగా. తెరుచుకున్నప్పుడే చూద్దాం. నాకేం తొందర లేదు. ఇంటికెళ్లి చేసేది మటుకు ఏముంది?" అని బయట బెంచీ మీద కూర్చున్నారు. రైలు వేళ దాకా కూర్చుని వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చారు. ఊరికే కూర్చోలేక గోళీల అక్క దగ్గర కాగితాలు తీసుకుని పొట్లాలు మడవడం మొదలుపెట్టారు. అక్క మడిచిన పొట్లాలు కాస్త అటూ ఇటూ ఉండేవి. ఆయనవి అంచుకి అంచు కలిసి, అచ్చు మిషను మీద చేసినట్టుండేవి. "ఈయన్ని ఇక్కడే ఉంచేసుకుందామండీ," అంది అక్క డాక్టరుగారితో. ఆయన నవ్వలేదు గాని ఇంకో కట్ట కాగితాలు దగ్గరికి లాక్కున్నారు.

ఆ తలుపు సందులోంచి ఆయన వీపు కనబడుతుంటే నాకు పని సాగేది కాదు. అప్పటిదాకా అది నా ఉద్యోగం గొడవ, సారు పరువు గొడవ. ఇప్పుడది కాదు. ఆ గడిలో ఎక్కడో ఒకావిడ గలగలా మాట్లాడుతోంది, ఆ మూట మూతి నా చేతులతో నేనే బిగించి పెట్టాను. టిఫిను కూడా తినకుండా, తెర మీద ఒక పక్క ఆ ఎర్రటి ఇంగ్లీషు, ఇంకో పక్క ప్రోగ్రాము పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఇక్కడ పేషెంటు. అక్కడా పేషెంటే. చూసి చూసి కళ్లు నీళ్లు కారాయి. (కళ్లు అలిసిపోయి అని అప్పుడు అక్కకి చెప్పాను.)

రోగులు కాస్త పల్చబడ్డాక డాక్టరుగారు లేచి నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. "ఏమంటుందమ్మా అది?" అని భూతద్దం తీసి తెరకి ఆనించారు. ఆయన పదాలు చదవలేరు కదా, అక్షరాలే చదువుతారు. ఆ ఎర్రదాని మీద భూతద్దం జరుపుకుంటూ పోయారు.

"పీ. ఏ. టీ. ఈ. ఐ. ఎన్. టీ." ఆగారు. భూతద్దం ఇవతలి పక్కకి జరిపారు. "పీ. ఏ. టీ. ఐ. ఈ. ఎన్. టీ." మళ్లీ అవతలికి వెళ్లారు. "అమ్మాయ్, ఇక్కడేమో ఈ ముందుంది, అక్కడేమో ఐ ముందుంది. రెండూ ఒకటేనా?"

నేను ఆయన చేతిలోంచి భూతద్దం దాదాపు లాక్కున్నాను.

జరిగిందేమిటంటే, ప్రోగ్రాము మొదటిసారి రాసినప్పుడు పేషెంటన్న మాటకి స్పెల్లింగు నేను తప్పు రాశాను. ఈ, ఐ తారుమారు. తప్పయినా అన్నిచోట్లా ఒకేలా రాశాను గనక కంప్యూటరుకి అభ్యంతరం లేకపోయింది. ఆబ్జెక్టుని మూటగట్టేటప్పుడు, మళ్లీ విప్పడానికి వీలుగా, ఇది ఫలానా రకం ఆబ్జెక్టని దాని పేరు మూటలోనే రాసిపెట్టుకుంటుంది. అలా ఏడాది పొడుగునా వచ్చిన మనుషులందరి మీదా నా తప్పు స్పెల్లింగే రాసి ఉంది. శనివారం మా అన్నయ్య కంట్లో ఆ తప్పు పడింది. ఆయన ఊరుకోగలడా? ప్రోగ్రాములో ఉన్న ప్రతిచోటా దిద్దేశాడు. అంతే, ఆ క్షణాన్నించి ఆ మూటలన్నీ పాత పేరు పట్టుకుని వెతుక్కుంటున్నాయి, ఆ పేరుతో ఎవరూ పలకడం లేదు. అది కనపడటం లేదని కంప్యూటరు మొదట్నించీ నిజమే చెబుతోంది. ఆ రెండూ వేరువేరు మాటలని నా కంటికి ఆనలేదు, ఎందుకంటే నా దృష్టిలో రెండూ సరైన స్పెల్లింగులే!

చెయ్యాల్సింది ఒక్క వరస. ఆ తప్పు పేరుతో పిలిచినా ఈ పేషెంటే పలకాలి అని రాశాను. తొందరలో ఆ తప్పుని కూడా ఇంకో రకంగా తప్పు కొట్టాను. డాక్టరుగారు భూతద్దంతో దగ్గరుండి ఆ తప్పుని తప్పుగానే రాయించారు. అప్పుడు కొండపల్లి ఆయన పేరు నొక్కాను.

తెర నిండా అక్షరాలు పరుచుకున్నాయి.

ఆయన్ని లోపలికి పిలిచాం. చేతిలో సగం మడిచిన పొట్లంతోనే వచ్చి కూర్చున్నారు. "చదువమ్మా," అన్నారు డాక్టరుగారు. ఆ వయసులో నాకు బయటి మనుషుల ముందు గట్టిగా చదవాలంటే సిగ్గు. అయినా చదివాను. చెంబు సంగతి చదివాను. లేచి తాగుతారా అంటే తాగరు, పొద్దున్నే నా వంక ఒక చూపు చూస్తారు. ఆయన తల వంచుకుని వింటున్నారు. పేపరు మడతపెట్టడం చదివాను. ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది. అస్సలు పడదండీ, చింతకాయ పచ్చడంటే వాసన కూడా గిట్టదు, అని చదివానో లేదో ఆయన తలెత్తారు.

"అబద్ధం," అన్నారు.

నేను ఆగిపోయాను.

"చింతకాయ పచ్చడి నాకిష్టమేనండీ! గిట్టంది ఆవిడకి. పెళ్లైన కొత్తల్లో ఒకసారి వద్దన్నాను, కడుపులో మంటగా ఉండి. అంతే, ఇక జన్మలో మళ్లీ పెట్టలేదు. ఊళ్లో అందరికీ ఇదే చెప్పింది." ఆయన గొంతు పెంచి అంత పొడుగ్గా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "గురక కూడా అబద్ధమే. పెట్టేది. బాగా పెట్టేది. వాళ్ల చెల్లెలు మాత్రం నిజం చెబుతుందా?"

డాక్టరుగారు నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ చేతిలో పొట్లాన్ని మళ్లీ మళ్లీ మడిచారు. అది చిన్నదై, ఇంక మడత పడకుండా అయ్యాక వేళ్ల మధ్య గట్టిగా పట్టుకుని, "ఇప్పుడు ఆ చప్పుడు లేకే పట్టట్లేదండీ నిద్ర," అన్నారు.

గుమ్మంలోకి వచ్చిన గోళీల అక్క వచ్చినట్టే వెనక్కి వెళ్లిపోయింది. ఏం చెయ్యాలో తోచక నేను, "అబద్ధమన్నవి తీసేసి మీరు చెప్పినట్టు మార్చమంటారాండీ?" అనడిగాను.

"వద్దమ్మా. అదట్టానే ఉండనీ. దాని కింద నేను చెప్పింది రాయి."

ఆ తర్వాత డాక్టరుగారు ఒక్క ప్రశ్న కూడా వెయ్యాల్సిన పని లేకపోయింది. ఆయనే చెప్పుకుంటూ పోయారు. చెంబులో నీళ్లు ఎందుకు లేచి తాగబుద్ధి కాదో చెప్పారు. కరెంటు పోతే వీధిలోకి ఎందుకు వెళ్తారో చెప్పారు. పవర్‌హౌస్‌లో ఉన్నన్నాళ్లూ ఊరికి వెలుతురు తన పూచీ అనుకునేవారట, ఆ అలవాటు ఇంకా పోలేదట. బయట బెంచీ మీద జనం సణగడం వినబడుతోంది. ఎవరో తలుపు కూడా కొట్టారు. "వస్తున్నారండీ," అని అక్క సర్దిచెప్పింది. ఆయన చెప్తున్నారు, నేను కొడుతున్నాను. డాక్టరుగారు మాత్రం భూతద్దం పక్కన పెట్టి, కళ్లు మూసుకుని వింటున్నారు.

అన్నయ్య పొక్కులు మాడి ఆఫీసుకి వచ్చాక, తను దిద్దిన తప్పు మళ్లీ యథాస్థానంలో ఉండటం చూసి ముందు దిద్దడానికే చెయ్యి చాపాడు. సంగతంతా చెప్పాను. చాలాసేపు దాని వంకే చూసి, తప్పదా అన్నాడు. తప్పదన్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ మూటలన్నీ విప్పి పద్ధతిగా గడులు కట్టాం. దాహానికో గడి, నిద్రకో గడి, భయాలకి వేరే పట్టిక. డాక్టరుగారు ఫ్యాను గాలి తలనొప్పుల వాళ్లని అడిగితే కాఫీ రాకముందే చూపించడం మొదలుపెట్టింది ప్రోగ్రాము. ఎందులోనూ ఇమడని మాటలకి మాత్రం చివర ఒక పొడుగాటి గడి అట్టిపెట్టమని నేను పట్టుబట్టాను. "పక్కనావిడ నవ్వారు" అన్నది ఏ గడిలోకీ వెళ్లలేదు మరి.

ఇప్పుడు నా కింద కొంతమంది పనిచేస్తున్నారు. ఎవరైనా ఆబ్జెక్టుని మడిచి గడిలో కుక్కితే ఒప్పుకోను. అది ఎందుకు పనికిరాదో కారణాలు వరసగా చెప్తాను. లోపల వెతకలేం, పేరు మారితే విప్పలేం, రేపు ఇంకొకరికి అర్థం కాదు. అన్నీ నిజాలే, నేను పడి తెలుసుకున్నవే. వాళ్లు బుద్ధిగా తల ఊపుతారు. నేను రాసినవన్నీ ఇప్పుడు పద్ధతిగా ఉంటాయి, స్పెల్లింగులతో సహా. అయితే ఇవాళ ఆ స్టూలు మీద నన్ను కూర్చోబెడితే, ఆ చెల్లెలి మాట అనవసరమని వదిలేసి ఉండేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు.

కొండపల్లి ఆయన మూట తెరుచుకున్న ఆ సాయంత్రం గుణదల బస్సులో నాకు సీటు దొరికింది. ఇంటికి వెళ్లేసరికి పెద్దమ్మ వాకిట్లో బియ్యం చేటలో పోసుకుని రాళ్లు ఏరుతోంది. నా మొహం చూసి, "ఏంటే అంత వెలిగిపోతున్నావు, ఇవాళ ఏం చేశావేంటి ఆఫీసులో?" అంది.

చెప్పులు విప్పుతూ చాలా గొప్పగా, "ఒకాయనకి చింతకాయ పచ్చడి ఇష్టమంట పెద్దమ్మా. రాసుకున్నాను," అన్నాను.

పెద్దమ్మ రాళ్లు ఏరడం ఆపి, నన్ను పై నుంచి కింద దాకా చూసింది. "దానికి జీతమిస్తున్నారా?"

"ఇస్తున్నారు!" అన్నాను నేను, ప్రపంచంలో అంతకంటే సబబైన సంగతి లేదన్నట్టుగా.